పంతొమ్మిదో అధ్యాయంలో ఏడు పంక్తులు

అక్కయ్యకి,

తమ్ముడు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. పక్కింటి టీచరమ్మ చేత నువ్వు రాయించిన ఉత్తరం పోయిన వారమే అందింది. జవాబు ఆలస్యమైంది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నాకు "బాగున్నావా" తర్వాత మాట రాదని నీకు తెలుసు. అందుకే దీన్ని కూడా కంప్యూటర్లో కొట్టి పంపుతున్నాను. నీకు నవల చదివి వినిపించే ఆ ఫోన్ గొంతే దీన్నీ చదువుతుంది. ఒక్క మాట. టీచరమ్మ ఉన్నప్పుడు వినకు. ఒక్కదానివే ఉన్నప్పుడు విను.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నా మెడనొప్పి అలాగే ఉంది. కళ్ళద్దాలు మార్చాను. నీ మరదలికి మోకాళ్ళు కొంచెం నయం, నోరు ఎప్పటిలాగే ఉంది. కుట్టు మిషన్ల రిపేరు షాపు మూసేశాను. పనిముట్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. అవి లేకపోతే బావ నవల పని అయ్యేది కాదు.

ఎలా చేస్తున్నావురా అన్నావు. ఉన్నది ఒకే ప్రతి. ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. పూర్తిగా తెరిస్తే వీపు విరిగేట్టుంది. పాత కుట్టు మిషన్ దీపానికి ఉండే ఇనప చేతికి ఫోన్ బిగించాను. కింద పుస్తకం సగమే తెరిచి పేజీకో ఫోటో తీశాను. మొత్తం ఆరువందల పన్నెండు. కోడలు కంప్యూటర్లో ఏదో పెట్టింది. అది ఫోటో చూసి అక్షరాలు తనే రాసుకుంటుంది. రాసుకుంటుంది గాని, మరక కనబడితే అదీ అక్షరమే అనుకుంటుంది. కుట్టులోకి పోయిన మాటల్ని మింగేస్తుంది. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, పేజీ మీద స్కేలు పెట్టుకుని, ఒక్కో పంక్తీ సరిచూస్తాను. రోజుకు మూడు పేజీలు. ఆ తర్వాత మెడ తిరగదు. ఎనిమిది నెలలైంది. ఇంకా నలభై పేజీలున్నాయి.

మొదటి రోజే కోడలు గట్టిగా చెప్పింది. "మామయ్యా, అచ్చులో ఉన్నది ఉన్నట్టు దింపాలి, అంతే. మీకు ఏది చూసినా బాగుచేయాలనిపిస్తుంది. ఇది కుట్టు మిషన్ కాదు" అంది. సరేనన్నాను.

మొన్న నీ మరదలు భోజనానికి మూడుసార్లు పిలిచి విసిగిపోయింది. కంచం తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది. "అన్నయ్యగారు ఆ పుస్తకం రాస్తుంటే వదిన నలిగింది. మీరు దాన్ని కొడుతుంటే నేను నలుగుతున్నా. ఇంకెంతమంది ఆడవాళ్ళు కావాలి దానికి?" అంది. నవ్వాను. కాసేపయ్యాక నవ్వు రాలేదు.

ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి ఉత్తరంలో నువ్వు ఒకే సంగతి అడుగుతూ వచ్చావు. "ఆయన రాసుకునేటప్పుడు చదవడానికి నాకు తీరిక లేదు. తీరిక దొరికేసరికి చూపు పోయింది. అందులో నేనెక్కడైనా ఉన్నానా తమ్ముడూ?" అని. ఇంకా అంతదాకా రాలేదని నేను తప్పించుకుంటూ వచ్చాను. అప్పటికే చివరిదాకా చదివేశాను అక్కయ్యా. రెండుసార్లు చదివాను.

నువ్వు లేవు. నలభై మూడో పేజీలో కథానాయకుడికి ఒక్క వాక్యంలో పెళ్ళవుతుంది. ఆ భార్య మళ్ళీ కనబడదు. అతను ఇంటికొస్తే కంచం ఉంటుంది, ఎవరు పెట్టారో ఉండదు. దుప్పటి మడతపెట్టి ఉంటుంది. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ కూడా దానంతటదే వచ్చి పడుతుంది. చెట్ల గురించి బావ పదకొండు పేజీలు రాశాడు. బావ చెడ్డవాడని అనను. నన్ను మీ ఇంట్లో ఉంచుకుని చదివించాడు. ఆయనకు కనబడలేదు, అంతే.

ఇప్పుడు నీ పోయిన ఉత్తరం సంగతి. అందులో ఇలా రాయించావు. "పంతొమ్మిదో అధ్యాయం రోజూ వింటున్నాను. టీచరమ్మకీ వినిపించాను. నా మణికట్టు మీద మచ్చ ఆయన ఒక్కనాడూ చూడలేదనుకున్నాను. చూశారురా. కానీ ఇస్త్రీ పెట్టె తగిలి కాలిందని ఆయనకెవరు చెప్పారు? ఆ రోజు ఊళ్ళో లేరు కదా. నేనైతే చెప్పలేదు."

వారం రోజులుగా ఈ ప్రశ్న నా మీద కూర్చుని ఉంది. ఎనిమిది నెలల పనిలో రాని అలసట ఈ వారంలో వచ్చింది.

ఎవరూ చెప్పలేదక్కయ్యా. అది బావ రాయలేదు. ఆ ఏడు పంక్తులు నేను రాసి కలిపాను.

ఆ అధ్యాయంలో అతను ఇంటికి వస్తాడు, కూర్చుంటాడు, తింటాడు, లేస్తాడు. తిన్నాడు, లేచాడు అన్న రెండు మాటల మధ్య కర్సర్ ఆగి కొట్టుకుంటోంది. "నేనెక్కడైనా ఉన్నానా" అన్న నీ ఉత్తరం బల్ల మీదే ఉంది. నాలుగు ముక్కలు రాయడానికి నాలుగు రోజులు పట్టే మనిషిని, అరగంటలో రాసేశాను. కంచం పెట్టిన చేతిని అతను చూసినట్టు రాశాను. మణికట్టు మీద అప్పుడే కాలిన గాయం గురించి అడిగినట్టు రాశాను. ఒక్కసారి విని ఊరుకుంటావనుకున్నాను. నువ్వు రోజూ వింటున్నావు. టీచరమ్మకీ వినిపించావు. ఆయన లేరు కాబట్టి కాదనేవాళ్ళు లేరు. ఆ ధైర్యంతో చేశాను. సిగ్గుగా ఉంది.

దీనితోపాటు పంతొమ్మిదో అధ్యాయం మళ్ళీ పంపుతున్నాను, బావ రాసింది రాసినట్టే. పాతది నీ ఫోన్లోంచి తీసేయమని నేను అనలేను. అది నీ ఇష్టం. టీచరమ్మతో చెప్పడం, చెప్పకపోవడం కూడా నీ ఇష్టమే. మిగిలిన నలభై పేజీలు ఒక్క అక్షరం కలపకుండా పూర్తిచేస్తాను. ఇక వద్దురా అంటే ఇక్కడే ఆపేస్తాను.

ఇంకొకటుంది. ఆ ఏడు పంక్తుల్లో కూడా ఒక అబద్ధం ఉంది. అందులో అతను ఆమె చెయ్యి పట్టుకుని కాలిన చోట చన్నీళ్ళు పోస్తాడు. ఆ రోజు నీ చేతి మీద ఎవరూ నీళ్ళు పోయలేదు. నాకప్పుడు పదమూడేళ్ళు. ఉన్నది ఒకటే బడి చొక్కా, తెల్లారేసరికి ఆరలేదు. నువ్వు దాన్ని ఇస్త్రీ పెట్టెతో ఆరబెడుతుంటే మణికట్టుకు తగిలింది. నోరు కూడా తెరవలేదు నువ్వు. చొక్కా నా చేతికిచ్చి, "ఏం కాలేదు, టైమవుతోంది, పో" అన్నావు. నేను గుమ్మంలోనే ఉన్నాను. అంతా చూశాను. చొక్కా వెచ్చగా ఉంది. తొడుక్కుని బడికి వెళ్ళిపోయాను.

ఇట్లు,
నీ చేతి కింద పెరిగిన
తమ్ముడు