టైపు కొట్టిన చీటీ

1943, శుక్రవారం

ఈరోజు నా వల్ల సారమ్మ వదిన గుండెలు బాదుకుని ఏడ్చింది.

స్త్రీల ప్రార్థన కూడికకు రమ్మని ప్రతి నెలా నేనే తెలుగులో చేత్తో చీటీలు రాసి, మిషన్ దొరగారి సంతకం పెట్టించి ఇంటింటికీ పంపుతాను. ఈసారి కొత్తగా నేర్చిన టైపు చూపించుకోవాలని మిషన్ ఆఫీసులో ఇంగ్లీషులో కొట్టి పంపాను. వదిన భర్త పటాలంతో బర్మా యుద్ధానికి వెళ్ళి ఏడాదైంది. పటాలం నుంచి చావు కబుర్లు టైపు కొట్టే వస్తాయి కాబట్టి, టైపు కాగితం వచ్చిందంటే మనిషి పోయినట్టేనని మా అమీర్‌పేట ఆడవాళ్ళ భయం. అది నాకు తెలుసు. తెలిసీ మరిచాను.

నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. వదిన ఆ చీటీ నా చేతిలో పెట్టింది.

"చదువు బిడ్డా, ఏడ పోయిండో, ఎట్ల పోయిండో చదువు."

"అన్న మంచిగున్నడు వదినా. గిది కూడిక చీటీ. నేనే కొట్టిన."

"నువ్వా? నీ చెయ్యి విరుగ! చేత్తోని రాస్తే ఏమైతుండె?" అని ఏడుస్తూనే నవ్వింది.

నేరుగా మిషన్ ఆఫీసుకు వెళ్ళి, ఇక చీటీలు చేత్తోనే రాస్తానని గుమాస్తా గారికి చెప్పేశాను.

"ఏంటమ్మా, నీకు టైపు నేర్పించింది ఇందుకా? దొరగారు ఊరుకోరు. ఉద్యోగం పోతుంది."

మా ఇంట్లో బడి మెట్లెక్కినదాన్ని నేనొక్కదాన్నే. ఈ ఉద్యోగం పోతే నాన్న ముఖం ఎలా చూడాలో...

అయినా సరే. దొరగారి ఉత్తరాలు ఎన్నైనా టైపు కొడతాను. మా ఆడవాళ్ళకు మాత్రం వాళ్ళు భయపడకుండా అందుకునే రాతే పంపుతాను. ముప్పై చీటీలూ మళ్ళీ రాశాను. పొద్దున్నే దొరగారి ముందు పెట్టి సంతకం అడుగుతాను. పెట్టనంటే సంతకం లేకుండానే పంచుతాను.