మా ఊరి పోస్టాఫీసుకు ట్రాఫిక్ లేదట

తుమ్మలదిబ్బ, జగ్గయ్యపేట దగ్గర
4-6-2001

నందిగామ తపాలా ఇన్‌స్పెక్టరు వరప్రసాదరావు గారికి,

కరీమాబీ సలాములు. మీరు నన్నెరగరు. మా ఊరి పోస్టాఫీసు పక్కన గాజుల కొట్టు నాది. మా ఆయన నాసర్ లారీ డ్రైవరు. నాగపూరు వైపు తిరుగుతా నెలనెలా మనియార్డరు చేస్తాడు.

మొన్న మా పోస్టుమాస్టరు వీరరాఘవయ్య బాబాయి గారు తలుపుకి మీ నోటీసు అంటించారు. ‘బ్రాంచి ఆఫీసు మూసివేత పరిశీలనలో ఉన్నది’ అనుంది. చదివిన దగ్గర్నుంచీ అన్నం సయించట్లేదండి. మా రత్తమ్మత్తకి డెబ్బయ్యారేళ్లు, మోకాళ్లు వంగవు. పింఛను కోసం ఆవిణ్ణి ఆటో ఎక్కి జగ్గయ్యపేట పొమ్మంటారా? ఎందుకు మూస్తున్నారో చెప్పండి. చెప్పేదాకా రాస్తూనే ఉంటా.

ఇట్లు, ఊరుకోని మనిషి,
కరీమాబీ

తా.క.: జవాబు తొందరగా రాయండి. మూసేశాక వస్తే ఇక్కడ తీసుకునే దిక్కుండదు.


నందిగామ
11-6-2001

శ్రీమతి కరీమాబీ గారికి,

నమస్కారాలు. తమ లేఖ అందింది. పల్లెల్లోని బ్రాంచి ఆఫీసులు చాలావరకు నష్టంలోనే నడుస్తాయి. ఆ లోటును ప్రభుత్వం సబ్సిడీతో పూడుస్తుంది. అయితే ఖర్చులో మూడో వంతైనా ఆఫీసు తానుగా సంపాదించుకోవాలన్నది నిబంధన. మీ బ్రాంచికి ట్రాఫిక్ బొత్తిగా లేదు. ఆగస్టులో తనిఖీకి వస్తాను. అప్పటికి ట్రాఫిక్ పెరిగితే సబ్సిడీ కొనసాగించమని పైకి రాస్తాను.

భవదీయుడు,
వరప్రసాదరావు


తుమ్మలదిబ్బ
19-6-2001

ఇన్‌స్పెక్టరు గారికి సలాములు.

ట్రాఫిక్ లేదని మీకెవరు చెప్పారండీ? సున్నపురాయి లారీలన్నీ మా పోస్టాఫీసు ముందు నుంచే పోతాయి. నేనూ, మా ఎదురింటి నాగవల్లీ రెండ్రోజులు అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాం. నూట నలభై రెండు లారీలు, పందొమ్మిది ఆటోలు, ఒక పెళ్లి బస్సు. దుమ్ముకి ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. ఇవి చాలవంటే చెప్పండి, మా ఆయనతో మాట్లాడి నాగపూరు లారీలు కూడా ఇటు మళ్లిస్తా.

దగ్గుతూనే రాస్తున్న,
కరీమాబీ

తా.క.: పెళ్లి బస్సు దారి తప్పి వచ్చింది. అయినా రాసుకోండి.


నందిగామ
27-6-2001

కరీమాబీ గారికి నమస్కారాలు.

దయచేసి లారీలను మళ్లించవద్దు. ట్రాఫిక్ అంటే మా శాఖలో ఉత్తరాలు, మనియార్డర్లు, సేవింగ్స్ ఖాతాలు. ఈ నెల మీ ఊళ్లో పోస్టయినవి ఏడు ఉత్తరాలు. అందులో రెండు మీరు నాకు రాసినవే. ఊరివాళ్లు పోస్టాఫీసును వాడుకోవాలి. ఏ సందేహమున్నా ఎవరైనా నాకు రాయవచ్చు.

భవదీయుడు,
వరప్రసాదరావు


తుమ్మలదిబ్బ
20-7-2001

ఇన్‌స్పెక్టరు గారికి వెయ్యి సలాములు.

సందేహాలుంటే రాయమన్నారు కదా, ఆ మాట మసీదు దగ్గరా, రామాలయం దగ్గరా, చర్చి దగ్గరా చెప్పించా. మా ఊళ్లో ఇన్ని సందేహాలున్నాయని నాకూ తెలీదు. కోడలు తనకంటే ముందు కాఫీ తాగడం తప్పా, కాదా అని నాగవల్లి అడుగుతోంది. బోరు ఎన్నడుగులు వెయ్యాలని స్తెఫను రాశాడు.

రత్తమ్మత్త మాత్రం, “నాకు సందేహాల్లేవే అమ్మాయ్, చందర్లపాడులో మా మరిదికి ఒక కార్డు రాసిపెట్టు” అంది. గట్టు తగాదా వచ్చి వాళ్లకి పదకొండేళ్లుగా మాటల్లేవు. ఏం రాయమంటావంటే, “బతికే ఉన్నావా అని రాయి” అంది. నాలుగో రోజు జవాబొచ్చింది. ‘ఉన్నా. నువ్వు?’ అంతే. ఆ రెండు ముక్కలే నాచేత తొమ్మిదిసార్లు చదివించుకుంది. ఇప్పుడు వారానికి రెండు కార్డులు నడుస్తున్నాయి. ఆ తలుపు మూస్తానంటే నేను ఒప్పుకోనండి.

ఇట్లు,
కరీమాబీ

తా.క.: స్తెఫను బోరు సంగతి ముందు తేల్చండి. రిగ్గు బండి వచ్చి నిలబడుంది.


నందిగామ
23-8-2001

కరీమాబీ గారికి,

నమస్కారాలు. ఎవరైనా రాయవచ్చని నేను మర్యాదకు అన్నాను. మీ ఊరి నుంచి మూడు వందల పన్నెండు కార్డులు వచ్చాయి. అన్నింటికీ జవాబులు రాసేసరికి మా క్లర్కు కమలాకుమారి మూడు పెన్నులు అరగదీసింది. కాఫీ వ్యవహారం మా పరిధిలోకి రాదని నాగవల్లి గారికి మీరైనా నచ్చజెప్పండి.

మొన్న తనిఖీకి వచ్చాను. మీరు సరుకు కోసం విజయవాడ వెళ్లారన్నారు. రాబడి ఖర్చులో మూడో వంతు దాటింది. సబ్సిడీ కొనసాగించాలని గట్టిగా రాశాను. ఇక మూసివేత మాట లేదు.

ఒక్క సంగతి మీకు చెప్పక తప్పదు. ఆఫీసు మూసేయమన్నది నేను కాదు, మా పైవాళ్లూ కాదు. జనవరిలో ఆ అర్జీ పెట్టింది మీ వీరరాఘవయ్య గారే. ‘రోజుకు ఒక్క కార్డయినా రావడం లేదు. ఊరికే కూర్చుని సర్కారు జీతం తీసుకోవడం నామోషీగా ఉంది. మూసేయండి’ అని స్వహస్తాలతో రాశారు. మొన్న ఆ కాగితం ముందుపెట్టి ఇప్పుడేమంటారని అడిగాను. ఆయన ముద్ర కొట్టడం ఆపకుండానే, “మూసెయ్యడానికి ఇప్పుడు తీరికెక్కడిదండీ!” అన్నారు.

భవదీయుడు,
వరప్రసాదరావు

తా.క.: భుజం పట్టేసిందనీ, సాయానికి మనిషి కావాలనీ ఆయన కొత్త అర్జీ ఇచ్చారు. అందులో మీ పేరే రాశారు. దరఖాస్తు ఫారం జతచేస్తున్నాను. ‘ఉద్యోగంలో ఎందుకు చేరదలిచారు’ అన్నచోట దయచేసి ఒక్క వాక్యమే రాయండి. గడి చిన్నది.