గూడబాతు వేషం

సెమఫోర్, సోమవారం

కొరాలీకి,

ఒకప్పటి స్నేహితురాలు గ్లెనిస్ రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు మహా క్షేమమని బేకరీ కిటికీకి అంటించిన పోస్టరు చూడగానే తెలిసింది. "చేపల కొట్టు రాణి. రచన కొరాలీ, దర్శకత్వం కొరాలీ, అన్ని పాత్రలూ కొరాలీ." టిక్కెట్లు చింపేది కూడా నువ్వేనా?

ఏటా జరిగే ఫ్రింజ్ నాటకోత్సవానికి ఆ నాటకం మనిద్దరం కలిసే కదే వేసింది! చేపల కొట్టు యజమానురాలు నువ్వు, సంచీలాంటి ముక్కుతో చేపలు ఎత్తుకుపోయే గూడబాతు నేను. జనం ఎవర్ని చూడ్డానికి వచ్చేవాళ్లో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అలాంటిది నాతో ఒక్క మాటైనా అనకుండా నీ ఒక్కదాని పేరే నమోదు చేయించుకున్నావు. ఫోన్ చేసి కడిగేద్దామనుకున్నాను. నీ గొంతు వింటే నాకే ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

నేనేదో కుళ్లుకుంటున్నానని అనుకోకు. ఈసారి ఫ్రింజ్ నాటకాలకి సమీక్షలు రాయమని మన పేట పత్రికవాళ్లు నన్ను అడిగారు. నీ నాటకానికీ వస్తాను. పెన్ను పట్టుకునే వస్తాను.

ఇట్లు,
గ్లెనిస్

తా.క.: గూడబాతు ముక్కు మా గరాజ్‌లో ఉంది. ముక్కు లేకుండా ఎలా వేస్తావో నేనూ చూస్తాను.


లార్గ్స్ బే, బుధవారం

సమీక్షకురాలు గ్లెనిస్ గారికి,

నన్ను తిట్టేముందు కాస్త గుర్తు తెచ్చుకో. పోయిన ఫ్రింజ్ ఆఖరి రోజున, మొహం మీది రంగు తుడుచుకుంటూ, "ఇక చచ్చినా నాటకం వెయ్యను, కావలిస్తే నువ్వే వేసుకో" అన్నది ఎవరు తల్లీ? సరే కదా అని నేనే వేసుకుంటున్నాను. దానికిప్పుడు ఈ గోలేమిటి?

నిన్న బౌల్స్ ఆట ఆడేవాళ్ల క్లబ్బు రేకుల హాల్లో మొదటి ఆట అయింది. జనం బాగానే వచ్చారు. ఈ ఉత్తరం అందగానే నువ్వూ రా. తలుపు దగ్గర నీ పేరు మీద ఉచిత టిక్కెట్టు పెడతాను.

ఉంటాను,
కొరాలీ

తా.క.: ముక్కు గురించి బెంగపడకు. ఈతకెళ్లేటప్పుడు కాళ్లకి తొడుక్కునే రబ్బరు రెక్కలు రెండు కలిపి కుట్టాను. నీ ముక్కుకన్నా బాగా తెరుచుకుంటోంది.

ఇంకో తా.క.: జనం అంటే క్లబ్బు బారులో పనిచేసే అబ్బాయి, ఏసీ ఉందనుకుని పొరపాటున లోపలికొచ్చిన ఒక మొగుడూ పెళ్లాం. ఈ మాట ఎవరికీ చెప్పకు.


సెమఫోర్, ఆదివారం

ఒసేయ్ కొరాలీ,

నీకు సిగ్గుందా?

నేను పత్రికలో ఏమని రాశాను? "ఇలాంటి నాటకం నా జన్మలో చూడలేదు, దేవుడి దయవల్ల మళ్లీ చూడబోను" అని రాశాను. "ప్రేక్షకులు కుర్చీల్లోంచి లేవలేకపోయారు, ఎందుకంటే ఆ ఎండకి ప్లాస్టిక్ కుర్చీలు తొడలకి అంటుకుపోయాయి" అని రాశాను. ఇవాళ జెట్టీ దగ్గర నీ కొత్త పోస్టరు చూశాను. "ఇలాంటి నాటకం నా జన్మలో చూడలేదు... ప్రేక్షకులు కుర్చీల్లోంచి లేవలేకపోయారు... – గ్లెనిస్ పాస్కో." నా మాటల తోకలు కోసేసి చుక్కలు పెడతావా! మా ఆయన లెస్ అది చదివి, "మనసు మారిందన్నమాట, మంచిదే" అన్నాడు. ఆ పూట ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

ఇక ఆఖరి రోజున నేనన్న మాట సంగతి. "ఇక చచ్చినా వెయ్యను" అనని నటులు ఫ్రింజ్‌లో ఎవరున్నారే? ప్రతిసారీ నువ్వూ అనేదానివి. మర్నాడు లేవగానే ఫోన్ చేసుకుని, "వచ్చేసారి ఏం చేద్దాం" అనుకునేవాళ్లం. ఈసారి నీ ఫోన్ రాలేదు. ఆ రోజంతా ఫోన్ పక్కనే కూర్చున్నాను. బట్టలు ఆరెయ్యడానికి కూడా బయటికి పోలేదు.

గ్లెనిస్

తా.క.: నీ గూడబాతు నడక చూశాను. గూడబాతు కాదది, మోకాళ్ల నొప్పులున్న కోడి.


లార్గ్స్ బే, మంగళవారం

నా బంగారు గ్లెనిస్‌కి,

నీ సమీక్ష చలవ వల్ల హాలు సగం నిండింది! చుక్కలు పెట్టడం నేనేమైనా కొత్తగా కనిపెట్టానా? ఊళ్లో ఏ పోస్టరు చూసినా చుక్కలే కదా. పోయినసారి మనకి "ఆ గూడబాతు లేకపోతే ఇది అద్భుతమైన నాటకం" అని సమీక్ష వస్తే, ముందు ముక్క కత్తిరించి అతికించింది నువ్వే కదూ? అప్పుడు లేవని రోషం ఇప్పుడెక్కడినుంచి వచ్చింది?

ఫోన్ సంగతికొస్తే, ఆ మర్నాడు నేనూ నీ ఫోన్ కోసమే కూర్చున్నాను.

ప్రేమతో,
కొరాలీ

తా.క.: మళ్లీ ఉత్తరం రాయి. కాస్త పెద్దదే రాయి. తిట్లు తగ్గించకు.


సెమఫోర్, శుక్రవారం

కొరాలీకి,

ఈసారి కత్తిరించడానికి వీల్లేకుండా ఒకే ఒక్క మాట సమీక్ష రాశాను: "వెళ్లకండి." దాన్ని నువ్వు పోస్టరు మీద ఇంతెత్తు అక్షరాల్లో వేశావు! "‘వెళ్లకండి’ – గ్లెనిస్ పాస్కో." జనానికేమో అది చూసి ఇంకా సరదా పుట్టింది. టిక్కెట్లు దొరకడం లేదట. నా నోటితో నేనే నీ హాలు నింపుతున్నాను.

అదొక ఎత్తు. నిన్న జుట్టు కత్తిరించుకోవడానికి డెనీస్ దగ్గరికి వెళ్తే, "ఏమండీ, లెస్‌కి కాఫీ ఇస్తున్నారా?" అని అడిగింది. పోస్టాఫీసులో ముక్కూమొహం తెలియని ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇప్పటికైనా బట్టలు ఆరేసుకున్నారా అమ్మా?" అంది. ఆ మాటలు నీకు తప్ప ఎవరికి రాశాను? ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావా?

సరే, దాపరికం ఎందుకు. అవునే, కుళ్లే. చచ్చేంత కుళ్లు. నీకు జనం వచ్చినందుకు కాదు. గూడబాతుని చూసి వాళ్లు నవ్వుతుంటే ఆ ముక్కు లోపల నేను లేనే అని కుళ్లు.

గ్లెనిస్

తా.క.: ఇది కూడా డెనీస్‌కి చెప్పావో, నీ మొహం చూడను.


లార్గ్స్ బే, ఆదివారం

గ్లెనిస్,

డెనీస్‌కి నేను విడిగా చెప్పలేదు. హాలు మొత్తానికీ చెప్పాను.

నీ "సిగ్గుందా" ఉత్తరం వచ్చిన రోజు సంగతి ఇది. గూడబాతు వేషంలో ఉండగా మాటలు మర్చిపోయాను. వేషం కింద కట్టుకున్న కొట్టు ఏప్రాన్ జేబులో నీ ఉత్తరం ఉంది. ఏదో ఒకటి చదువుదామని తీసి, గూడబాతు గొంతుతో చదివేశాను. హాలు దద్దరిల్లిపోయింది! "మోకాళ్ల నొప్పులున్న కోడి" దగ్గర ఒకాయన నిజంగానే కుర్చీలోంచి పడ్డాడు. ఆ రోజునుంచి చేపల కొట్టు మూసేశాను. ఇప్పుడు ఆడుతున్నది నీ ఉత్తరాలే.

నిన్న మాత్రం "చచ్చేంత కుళ్లు" చదివాక ఎవరూ నవ్వలేదు. ఆట అయ్యాక అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆవిడ ఎప్పుడొస్తుంది?"

ఏం చెప్పమంటావు?

నీ కొరాలీ

తా.క.: అడక్కుండా చదివినందుకు కప్ప ఆకారంలో ఉండే ఫ్రాగ్ కేకులు ఒక పెట్టెడు పంపుతున్నాను. ఆకుపచ్చవి నీకు, గులాబీ రంగువి లెస్‌కి. పాపం, ఆయనకి కాఫీ ఇవ్వు.


సెమఫోర్, బుధవారం

కొరాలీకి,

నిన్న వచ్చాను. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను. నువ్వు చూడలేదు.

ఎంత అన్యాయంగా చదువుతున్నావే! "అవునే, కుళ్లే" అన్నాక ఆగాలి. ఊపిరి పీల్చాలి. ముక్కు మెల్లగా మూసుకోవాలి. అప్పుడు "చచ్చేంత కుళ్లు" అనాలి. నువ్వేమో బస్సు తప్పిపోతుందన్నట్టు గబగబా చదివేశావు. నా ఏడుపు నీకు చేతకాదు. నేనే ఏడవాలి.

పత్రిక పని మానేశాను. తను వేషం కట్టిన నాటకానికి తనే సమీక్ష రాయకూడదట. శనివారం సాయంత్రం ఆటకి వస్తున్నాను. అసలు ముక్కు కడిగి కారులో పెట్టాను. నువ్వు నీ ఉత్తరాలు చదువు. నావి ముట్టుకోకు.

ఇట్లు,
గూడబాతు

తా.క.: మానేసేముందు ఆఖరి సమీక్ష ఇచ్చి వచ్చాను. "కొరాలీ అద్భుతం, కానీ ఆ గూడబాతు వేషం ఇంకెవరైనా వెయ్యాలి." చుక్కలు ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం.

మరో తా.క.: ఈ ఉత్తరం కూడా స్టేజి మీద చదివేస్తావేమో, ఖబడ్దార్! తెచ్చి నా చేతికివ్వు. ఇది నేను చదవాలి.