సీలు తీయని ప్యాకెట్

ప్రసన్నకుమార్ గారికి,

ఎల్‌బీ నగర్ షెడ్డు నుంచి మీ మెకానిక్ నమస్కారాలు. ఆదివారం కారును రేస్ ట్రాక్ మీదకు తీసుకెళ్ళకండి. అసలు స్టార్టే చేయకండి. ఇది చెబుదామని రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఆయిల్ మార్చాలని ఏదో చెప్పి పెట్టేశాను.

ఇంజిన్ పవర్ పెంచేటప్పుడు మీరు అడిగారు, "లోపల పిస్టన్ రాడ్డును పట్టే బోల్టులు పాతవే ఉంచితే ఏమవుతుందండీ?" అని.

"గంత జోరుకు పాతయి ఆగయి సార్. ఒక్కటి తెగినా రాడ్డు ఇంజన్‌ను చీల్చుకొని బయటికొస్తది" అన్నాను. వెంటనే గట్టివి తెప్పించమన్నారు.

అవి రావడం ఆలస్యమైంది. మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో బండి పూజ తప్పదని మీరు తొందరపెట్టారు. గుడిదాకా నడిస్తే చాలు, తర్వాత విప్పి మార్చవచ్చని పాతవే బిగించాను. తీరా మీరు అడిగినప్పుడు, శుభమా అని పూజకు వెళ్తుంటే అపశకునం మాట ఎందుకని, కొత్తవే వేశానన్నాను.

కొబ్బరికాయ నా చేతే కొట్టించారు. చక్రాలు నిమ్మకాయలు తొక్కేటప్పుడు మేడమ్ గారు పాపను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో ఉన్నారు. అప్పుడైనా నోరు తెరవాల్సింది.

కొత్త బోల్టుల ప్యాకెట్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. చూడండి, సీలు కూడా తీయలేదు. బండి నా దగ్గరికే తెమ్మని అడిగే ముఖం నాకు లేదు. వేరే మెకానిక్ ఎవరి దగ్గరికైనా లాగించుకుని వెళ్ళండి. ముందు ఈ ప్యాకెట్ ఆయన చేతిలో పెట్టండి.

ఇట్లు,
మీ మెకానిక్