గురువారం నీళ్లు

జహీరాబాద్,
9-4-1979

జగన్‌మోహన్ సారు గారికి,

రత్నమ్మ నమస్కరించి రాయడం. ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి. నేనూ అత్తమ్మా క్షేమమే. పెట్టె క్షేమంగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను మిల్లులో మీ కింద పనిచేసిన బాయిలరు ఫిట్టరు నర్సప్ప భార్యను. ఆయన మొన్న మాఘమాసంలో గుండె ఆగి పోయారు. బీదర్ దవాఖానకు జీపులో తీసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పారు: "పెట్టె ఎండనియ్యకు." చేను మాట లేదు, కన్నతల్లి మాట లేదు. పెట్టె మాటే చెప్పారు.

ఆయన నౌకరి పోయిన ఏడాదికి మీరు పంపిన చుట్టల పెట్టె అది. లోపల గడియారం లాంటి దాంట్లో ఒక ముల్లు, చిల్లుల ఇత్తడి డబ్బీలో స్పంజీ ఉన్నాయి. గురువారం వచ్చిందంటే ఆయన స్నానం చేసి, ఆ స్పంజీకి నీళ్లు పట్టించి, మూత వేసేవారు. ఆయన పోయినంక నేనూ గురువారం గురువారం చెంబుతో పోశాను. ముల్లు ఆ కొసకు పోయి నిలబడింది. భయపడి పెట్టెను ఎండలో పెట్టాను. మూత నెర్రె విచ్చింది. చిటికెన వేలు దూరుతుంది.

ఎన్ని నీళ్లు, ఎట్ల పోయాలో జర వివరంగా రాయండి. ఆయన చివరి మాట అది, చెడగొట్టుకోలేను.

ఇట్లు,
రత్నమ్మ

తా.క.: "రెండేండ్లాయె నీళ్లు పోయవట్టి, ఎప్పుడు మొలుస్తదట?" అని అత్తమ్మ నాగవ్వ అడగమంది. అడిగాను.

---

సికింద్రాబాద్,
16-4-1979

సోదరి రత్నమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. నర్సప్ప పోయిన కబురు నాకు ఆ రోజే తెలిసింది. చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చి, మళ్లీ విప్పేసి లోపలికి వెళ్లిపోయాను. ఆ సంగతి ఇంతకంటే రాయలేను. పెట్టె సంగతి రాస్తాను, అది నాకు చేతనవుతుంది.

చుట్టకు చుట్టిన ఆకు ఎండితే పొడి అవుతుంది, తడిస్తే బూజు పడుతుంది. ఆ ముల్లు లోపలి తేమ చూపుతుంది, డెబ్భై దగ్గర ఉండాలి. బావి నీళ్లు వద్దు, వాటిలో సున్నం ఉంటుంది. బ్యాటరీల్లో పోసే నీళ్లు తెప్పించండి. స్పంజీని తడిపి, ఇక చుక్క రాలదు అనేదాకా పిండి, అప్పుడు డబ్బీలో పెట్టాలి. చెంబుతో ఎంతమాత్రం పోయకూడదు. నెలకొకసారి అడుగున ఉన్నవి పైకి మార్చాలి. పెట్టె మరీ పాడైతే వేరేది ఎంచుకోండి. మూత గాలి చొరకుండా పడాలి, పెట్టెకు తనదంటూ వాసన ఉండకూడదు. గంధపు చెక్క వద్దు. రేకు వద్దు, లోపల చెమట పడుతుంది.

ఇంకొక చిన్న విషయం. నేను పంపినప్పుడు ఇరవై చుట్టలు ఉన్నాయి. ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తప్పకుండా రాయండి. ఎన్ని నీళ్లు పట్టాలో తేల్చడానికి అవసరం.

భవదీయుడు,
జగన్‌మోహన్

తా.క.: ఏమీ మొలవదని నాగవ్వగారికి మనవి చేయండి.

---

జహీరాబాద్,
25-4-1979

సారు గారికి నమస్కారాలు.

బ్యాటరీ దుకాణం వీరన్న సీసా చేతికిస్తూ "ఏం బండమ్మా?" అన్నాడు. "బండి కాదు, పెట్టె" అన్నాను. వీరన్న చిల్లర చేతిలో పెట్టాడు. ఆయన పోయినప్పటి నుంచి ఊళ్లో నన్ను ఎవరూ రెండో ప్రశ్న అడగడం లేదు.

లెక్కపెట్టాను. ఇరవైకి ఇరవై ఉన్నాయి. ఫికర్ చేయకండి.

మూత నెర్రె ఇంకా పెరిగింది. మీరు చెప్పిన గుణాలన్నీ చూసి వేరేది ఎంచాను. చెక్క కాదు, రేకు కాదు, గాలి చొరదు, చెమట పట్టదు. మా ఇంటి పెద్ద జాడీ. పన్నెండేళ్లుగా మామిడికాయ తొక్కు పెడుతున్నాం, ఒక్క ఏడు బూజు పట్టలేదు. కుంకుడు రసంతో కడిగి, మూడు రోజులు ఎండబెట్టి, చుట్టలు నిలువుగా పేర్చి, ముల్లూ స్పంజీ డబ్బీ వాటి పైన పెట్టి, మూతికి తెల్ల బట్ట కట్టాను. ఇంతకంటే మంచి జాగా జహీరాబాద్‌లో లేదు.

ఇట్లు,
రత్నమ్మ

తా.క.: పిడికెడు ఉప్పు వేస్తే ఇంకో మూడేళ్లు ఉంటాయని అత్తమ్మ అంటోంది. మీ జవాబు వచ్చేదాకా ఆపాను.

---

సికింద్రాబాద్,
1-5-1979

సోదరి రత్నమ్మ గారికి,

ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి, చుట్టలను జాడీలోంచి తీసేయండి. తీశారా? ఆకు దేని పక్కన ఉంటే దాని వాసన లాగేస్తుంది. పన్నెండేళ్ల ఆవ, వెల్లుల్లి కుంకుడుకాయకు పోవు. పాత పెట్టెలోనే తిరిగి పెట్టి, ఎవరైనా మంచి వడ్రంగి చేత నెర్రె పూడ్పించండి.

ఇక లెక్క. ఇరవై ఉండడానికి వీల్లేదు. దయచేసి మళ్లీ లెక్కపెట్టండి. పదకొండేళ్లు, రోజూ నాలుగు గంటలకు, మిల్లు వెనక అరుగు మీద నర్సప్ప నాతో కూర్చుని చుట్ట కాల్చాడు. నేనిస్తే ఏనాడూ వద్దనలేదు. అటువంటి మనిషి, రెండేళ్లలో ఒక్కటీ ముట్టలేదంటే ఎలా? నిదానంగా, ఒక్కొక్కటి చేత్తో తీసి లెక్కపెట్టండి.

భవదీయుడు,
జగన్‌మోహన్

తా.క.: ఉప్పు వద్దు.

---

జహీరాబాద్,
9-5-1979

సారు గారికి,

జాడీలోంచి తీశాను. వడ్ల సదాశివ వచ్చి మూత నెర్రెలో లక్క పోసి పోయాడు.

మీరు రెండు ఉత్తరాల్లోనూ ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి అని అడిగారు. ఇరవై అంటే వీల్లేదన్నారు. అంటే నేను అబద్ధం రాస్తున్నానా? లేక చుట్టలు మీకు తిరిగి కావాలా? సూటిగా అడిగితే సరిపోయేది. బాయిలరు పైపు పగిలిందని, తప్పు నర్సప్పదని మీరు రిపోర్టు రాశారు. తప్పు ఆయనదే అయి ఉంటుంది, ఆయన ఏనాడూ కాదనలేదు. ఒక్క తప్పుకు ఇరవై రెండేళ్ల నౌకరి తీసుకున్నారు. ఈ పెట్టె కూడా తీసుకుపోండి. ఆయన తువ్వాలలో మూట కట్టి ఉంచాను. మీరు రాలేకపోతే నేనే బస్సులో తెచ్చి మీ గేటు ముందు పెట్టి వస్తాను.

రత్నమ్మ

తా.క.: మూట కట్టేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాను. పంతొమ్మిదే ఉన్నాయి. ఎట్ల తగ్గిందో నాకు తెలియదు. దొంగ అనుకుంటే అనుకోండి.

---

సికింద్రాబాద్,
13-5-1979

అమ్మా రత్నమ్మా,

పంతొమ్మిదా! మీరు మొదట తప్పు లెక్కపెట్టి ఉంటారు. ఒకటి అటూ ఇటూ కావడం ఎవరికైనా సహజం. ఒకటి నర్సప్ప కాల్చాడన్నమాట. తల్లీ, ఆ పెట్టె నాకు వద్దు. నాకు కావలసింది ఆ ఒక్కటే.

ఇప్పుడు చెప్పక తప్పదు. నీళ్ల కోసమని లెక్క అడిగింది అబద్ధం. చుట్టల లెక్కతో నీళ్లకు పనే లేదు. ఆ పైపు పాతబడింది, మార్చండి సారూ అని నర్సప్ప నాకు రెండుసార్లు చెప్పాడు. నేను మార్పించలేదు. పగిలినప్పుడు రిపోర్టులో ఆ మాట రాయలేదు. నా ఉద్యోగం నిలిచింది, అతనిది పోయింది. ఏడాది పాటు క్షమాపణ ఉత్తరం రాయడం మొదలుపెట్టి చింపేశాను. చివరికి ఈ పెట్టె పంపాను. అందిందని కూడా అతను రాయలేదు. కోపం ఉంటే ముట్టడు, క్షమిస్తే కాలుస్తాడు అనుకున్నాను. అందుకే లెక్క. ఇరవై అని మీరు రాసిన రోజు నాకు అన్నం దిగలేదు.

ఒక్కటి చాలు నాకు. అతని చొక్కా జేబుల్లోనో, మీ ఇంటి అరుగు కిందో కాలిన ముక్క ఏదైనా ఉందేమో చూడండి.

మీ
జగన్‌మోహన్

తా.క.: నాకు అరవై ఒక్క ఏళ్లు. ఒక చుట్ట ముక్క కోసం ఇంత వేడుకోవడం సిగ్గుగానే ఉంది. అయినా చూడండి.

---

జహీరాబాద్,
20-5-1979

జగన్‌మోహన్ సారు గారికి,

ముక్క దొరికింది. అత్తమ్మ మంచం కింద.

అడిగితే ఆమె ఏమీ దాచలేదు. "నా కొడుకు రెండేండ్లు నీళ్లు పోసి పెంచిండు. ఒకటి నేను తాగితే ఏమైతది?" అంది. ఆమెకు చుట్ట అలవాటే. మీ చుట్టలో దమ్ము లేదట, తొక్కు వాసన మాత్రం బాగుందట. కాబట్టి సారూ, మా ఆయన ఒక్కటీ కాల్చలేదు. ఇరవై అన్న నా లెక్కే నిజం.

ఇంకో నిజం కూడా వినండి. ఆయనకు చుట్ట పొగ పడదు. చిన్నప్పటి నుంచీ పడదు. మీతో కూర్చున్న పదకొండేళ్లూ, రోజూ ఇంటికొచ్చి వేపపుల్లతో నోరు తోముకుని, లవంగం నమిలితే గాని అన్నం ముట్టేవారు కాదు. ఎన్నోసార్లు కక్కుకున్నారు కూడా. పడదని సారుకు చెప్పరాదా అని నేను కొట్లాడితే, "సారు ఒక్కడే కూసొని తాగితే మంచిగుండదే" అనేవారు.

మీ పెట్టె వచ్చిన రోజు, మోరీలో పారేయమన్నాను. ఆయన వినలేదు. లోపలి ఇంగ్లీషు కాగితం తీసుకుని పీటర్ మాస్టరు దగ్గరకు పోయి, చదివించుకుని నోటికి నేర్చుకున్నారు. ఆ కాగితం మళ్లీ నా కంటపడలేదు. తాగనోడివి నీళ్లెందుకు పోస్తున్నావని ఒక గురువారం అడిగాను. ఆయన పెట్టె మూత వేస్తూ, "సారు ఎప్పుడో ఒకనాడు వస్తడు. వస్తే ఎండిపోయినయి పెడ్తమా?" అన్నారు.

పైపు మార్చమని ఆయన మీకు చెప్పిన సంగతి నాకు మీ ఉత్తరంలోనే తెలిసింది. మూడేళ్లు నా దగ్గర కూడా ఆ మాట దాచారు. తప్పు ఆయనదే అనుకుని నేను ఎన్ని మాటలన్నానో నాకే తెలుసు. మీ ఉత్తరం చదివిన రోజు అటక మీద ఏదో వెతుకుతున్నట్టు ఎక్కి కూర్చుని ఏడ్చాను.

ఆయన క్షమించారా అని మీరు చుట్టలు లెక్కపెట్టమన్నారు. గురువారాలు లెక్కపెట్టుకోండి. నేను క్షమించానా అంటే, లేదు. అది అడగాలంటే ఉత్తరంలో కుదరదు, మీరు రావాలి. పెట్టె మూట విప్పేశాను. ముల్లు అరవై తొమ్మిది దగ్గర ఉంది. వచ్చే గురువారం నీళ్లు మీరు పోయండి.

మీ రాక కోసం చూసే
రత్నమ్మ

తా.క.: మీకు తోడు కూర్చుని తాగడానికి అత్తమ్మ ఒప్పుకుంది. లవంగాలు నాకోసం తీసుకురండి, చుట్ట వాసన నాకూ పడదు.

మళ్లీ తా.క.: ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు పంతొమ్మిది ఉన్నాయి. ఇప్పుడే చూశాను, పద్దెనిమిది. జర జల్దీ రండి.