హెవీవెయిట్ సంబంధం

పాకాల,
12-2-1978

చిరంజీవి సుందరరాజును దీవించి బావ మునిరామయ్య రాయడం ఏమంటే,

ఇక్కడ బెల్లం ధర తప్ప అందరం బాగున్నాము. మన వసంతకు తిరుపతిలో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు కృష్ణమూర్తి. బస్సు డిపోలో గుమాస్తా. వయసు ఇరవై ఆరు అన్నారు. నువ్వు డ్రిల్లు మాస్టరుగా ఉన్న బడికి వెనక వీధిలోనే ఇల్లు. మధ్యవర్తి మాటలు నేను నమ్మను. అబ్బాయి రికార్డు ఎట్లాంటిది, మనిషి ఎట్లాంటివాడు, అన్నీ విచారించి వెంటనే రాయి. మీ అక్క భారతమ్మ నీ జాబు కోసం గడపలోనే కూర్చుంది.

ఇట్లు, ఆడపిల్ల తండ్రి అయిన నీ బావ.

తా.క.: పోయినసారి రెండు పుటలు వాలీబాల్ గురించి రాసి, మీ అమ్మకు కాలు విరిగిందని అంచులో రాశావు. ఈసారైనా ముఖ్యమైనది ముందు రాయి.

*

తిరుపతి,
18-2-1978

బావకు సుందరరాజు నమస్కారాలు.

ముఖ్యమైనది ముందు రాయమన్నారు, రాస్తున్నాను. మనవాడు దెబ్బతిన్నాడు బావా! పేపరు చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. కొట్టింది ఎవరనుకున్నారు? ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, ముందు పళ్ళు కూడా లేవు. తీర్పు చెప్పడానికి ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటే ఇద్దరు కుర్రాడి వైపే చెప్పారు. అంతమంది ముందు బెల్టు పోయింది. తప్పు మనవాడిదే. ముప్పై ఆరేళ్ళు వచ్చాయి, నడుము దగ్గర కండ వేలాడుతోంది. నోరు మాత్రం తగ్గలేదు. తనంత అందగాడు భూమ్మీద లేడంటాడు. ఏమైనా రీమ్యాచ్ జరిగి తీరాలి. మీరేమంటారు?

ఇట్లు, దిగులుతో మంచం పట్టిన సుందరరాజు.

తా.క.: మూడో పెళ్ళి చేసుకున్నప్పటి నుంచే ఒళ్ళు వంచడం తగ్గించాడని నా అనుమానం.

*

పాకాల,
22-2-1978

సుందరా,

నీ కార్డు చదివించుకుని మీ అక్క అట్లాగే గోడకు చేరగిలబడింది. "మూడో పెండ్లామా! ఒగటో ఆమె, రెండో ఆమె యాడికి పోయినారంట?" అని నన్ను నిలదీస్తోంది, నేనే చేసుకున్నట్టు. ఇరవై ఆరని చెప్పినవాడిని పట్టుకుని కడిగేస్తాను. నలుగురిలో బెల్టు పోయిందంటే మరి ప్యాంటు సంగతేమిటి?

నాకైతే ఇక వదిలేద్దామని ఉంది. మీ అక్క మనసు మెత్తన. "ఒగసారి తన్నులు తిన్న్యాడని మనిషిని తోసేస్తామా? ముందు యానాడన్నా ఇట్ల జరిగిందేమో కనుక్కోమను" అంటోంది. ఇదివరకు కూడా దెబ్బలు తిన్నాడా? ఆ రీమ్యాచ్ ఏమిటో వివరంగా రాయి.

ఇట్లు, ముద్ద దిగని నీ బావ.

తా.క.: పేపరుకు కూడా ఎక్కాడంటే ఈపాటికి పాకాల స్టేషనులో అందరూ చదివే ఉంటారు. నేను బెల్లం మండీకి వెనక సందులోంచి పోతున్నాను.

*

తిరుపతి,
24-3-1978

బావకు నమస్కారాలు.

బడిలో ఆటల పోటీలు, అందుకే ఆలస్యం. మనవాడి మీద మీకూ అక్కకూ ఇంత పట్టింపు ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియనే లేదు! ప్యాంటు మాటకు నవ్వలేక చచ్చాను. ఇరవై ఆరని చెప్పినవాడు పదేళ్ళ కిందటి పేపరు చదివి ఉంటాడు.

అక్క అడిగినదానికి జవాబు. ఇదివరకు రెండుసార్లు ఓడాడు. ఒకడు కింద పడేశాడు. ఇంకొకడు దవడే విరగ్గొట్టాడు. కానీ ఇద్దరినీ మళ్ళీ పిలిపించి, ఒక్కొక్కరినీ రెండేసిసార్లు కొట్టి పంపాడు. ఊరికే వదిలే మనిషి కాదు. కొట్టే ముందు ఎదుటివాడి మీద పద్యం కట్టి చదువుతాడు. నచ్చలేదని పుట్టినప్పుడు పెట్టిన పేరే మార్చుకున్నాడు. మిలటరీకి రమ్మంటే రానన్నాడు, కోర్టు శిక్ష వేసినా లెక్కచేయలేదు. అట్లాంటి మగవాడు కోటికొకడు! కుర్రాడు రీమ్యాచ్‌కు ఒప్పుకున్నాడట. మీరు మాత్రం మనవాడి చెయ్యి వదలొద్దు.

ఇట్లు, ప్రాణం లేచొచ్చిన సుందరరాజు.

తా.క.: రీమ్యాచ్‌కు డబ్బున్నవాళ్ళు విమానాల్లో దిగుతారు. మనకు రేడియోనే గతి.

*

పాకాల,
28-3-1978

సుందరరాజుకు,

విరిగిన దవడ, మార్చిన పేరు, కోర్టు శిక్ష. ఇన్నీ నీ చేత్తోనే రాసి, కోటికొకడు అంటావా? మీ అక్క మెత్తదనమంతా పోయింది. "పద్యం సదివి కొట్టేవానికి నా బిడ్డనియ్యను. ఆ కృష్ణమూర్తిని తిరపతి కొండ మీద నిలబెట్టినా ఇయ్యను" అంటోంది.

వద్దని ఒక కార్డు ముక్క రాస్తే నా కడుపుమంట తీరదు. ఇంత అబద్ధం ఆడినవాళ్ళను ఎదురుగానే అడగాలి. మండీలో మూటలు మోసే మునస్వామిని, చిన్నబ్బను వెంటబెట్టుకుని శనివారం రైలుకు వస్తున్నాను. వసంత కూడా వస్తానని పట్టుబట్టింది. వాళ్ళ పని అయ్యాక నీ ఇంటికే వస్తాము.

ఇట్లు, మునిరామయ్య.

తా.క.: దవడ విరిగినవాడు అన్నమెట్లా తింటున్నాడని మీ అక్క అడుగుతోంది. కోపంతో కాదు, జాలితో.

*

పాకాల,
4-4-1978

మామకు వసంత నమస్కారాలు.

నాయన జాబు చదివాక గానీ సంబంధం సంగతి గుర్తురాక, నువ్వు శ్రీకాళహస్తికి పారిపోయి, స్నేహితుడి ఇంట్లో దాక్కున్నావని అత్త చెప్పింది. ఇక భయం లేదు. ఇంటికి పో.

శనివారం పొద్దున వాళ్ళ ఇంటిముందు దిగాము. తలుపు తీసిన అబ్బాయిని చూసి మునస్వామి, తెచ్చిన కర్రను నిమ్మళంగా గోడకు ఆనించేశాడు. మనిషి చీపురుపుల్ల మాదిరి ఉన్నాడు. నాయన మాత్రం వదల్లేదు.

"ఏమప్పా, నీ బెల్టు యాడ?"

అతను కిందికి చూసుకుని, "కట్టుకోనే ఉండాను గదా" అన్నాడు.

"ఆ పండ్లు లేనోడు నిన్ను యాడ కొట్టినాడు?"

"ఏ పండ్లు లేనోడు?"

"మూడో పెండ్లాం ఇంట్లోనే ఉండాదా?"

అతని తండ్రి కుప్పయ్య చేతిలోని కాఫీ గ్లాసు కిటికీలో పెట్టేసి కొడుకు వైపు తిరిగాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి, "మూడోదా! ఒరే కిష్టా, ముందు ఇద్దరు యాడుండారు రా?" అని కొడుకు మీదికి పోయింది. నాయన నీ రెండు జాబులూ తీసి నా చేత గట్టిగా చదివించాడు. పద్యం దగ్గరికి వచ్చేసరికి కృష్ణమూర్తి నవ్వి నవ్వి గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు.

"అది నేను కాదు మామా, అమెరికాలో బాక్సింగు చేసే మహమ్మద్ అలీ! పోయింది ఆయన చాంపియన్ బెల్టు!"

పాత పేపరు తెచ్చి బొమ్మ చూపించాడు. నాయన ఆ బొమ్మనూ అతన్నీ చాలాసేపు మార్చి మార్చి చూశాడు. "సూడుమ్మే వసంతా, ఆయప్పైతే మన ఇంట్లో పట్టడు. ఈ అబ్బాయైతే పట్టినంక ఇంకా సోటు మిగుల్తాది" అన్నాడు.

ఇప్పుడు నీకొక్కడికే చెబుతున్నాను మామా. నీ మొదటి కార్డు చదివింది నేనే. అది అలీ సంగతని అప్పుడే నాకు తెలుసు. మన ఇంటికి వచ్చే పేపరులో నాయన బెల్లం ధర ఒక్కటే చూస్తాడు, నేను ఆటల పేజీ కూడా చదువుతాను కదా. ఎందుకు చెప్పలేదంటావా? పెళ్ళిచూపుల్లో అందరూ మంచివాళ్ళే. తల వంచుకుని కాఫీ అందిస్తే నాకేం తెలుస్తుంది? ఇద్దరు బలమైనవాళ్ళతో ఇంటి మీదికి వచ్చి, లేనిపోనివన్నీ అంటగడితే ఆ మనిషి ఎట్లా ఉంటాడో చూడాలనుకున్నాను. ఒక్క మాట తూలలేదు. వాళ్ళమ్మను ఊరుకోబెట్టి, మునస్వామికీ చిన్నబ్బకూ కూడా కుర్చీలు వేసి, నాయనతో సమానంగా కాఫీ ఇచ్చాడు. నాకు నచ్చాడు. వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నారు.

ఇట్లు, పెళ్ళి పనుల్లో పడిన నీ మేనకోడలు వసంత.

తా.క.: ఒక్కటే చిక్కు. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మెల్లగా అడిగాను, రీమ్యాచ్‌లో ఎవరు గెలుస్తారని. "ముసిలాయన పని అయిపోయింది, కుర్రోడే" అన్నాడు. నాయన ఇప్పుడు మండీలో అందరినీ కూర్చోబెట్టి అలీ గొప్పలు చెబుతున్నాడు. తాళి కట్టేదాకా ఈ సంగతి ఆయన చెవిన పడనీయొద్దు. పడిందంటే ఈసారి సంబంధం నిజంగానే తప్పిపోతుంది.