సర్వీస్ హోస్ట్ ఎవరి తాలూకా?

నర్సీపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

నాన్నకి నమస్కారాలతో వీరేంద్ర రాయునది.

ఇక్కడ అమ్మ బాగుంది, మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నేనూ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు ఆ దీవిలో వానకి తడవకుండా, వేళకి తింటూ ఉన్నావని తలుస్తున్నాం. “అందరం క్షేమం అని రాయి, లేకపోతే కంగారుపడతాడు” అంది అమ్మ. అది సగం నిజం కాబట్టి రాశాను. మిగతా సగం కింద వస్తుంది.

నీ ఉత్తరం అందింది. పోర్ట్‌బ్లెయిర్ దాటితే మీ సైటులో సిగ్నల్ ఉండదని తెలిసినా అమ్మ ఫోను పక్కనే పెట్టుకుని కూరలు తరుగుతోంది. జీడితోటకి కంచె పూర్తయింది. గేదె ఈనింది, పెయ్యదూడ.

కవరు వెనక ఒట్టి ‘వీరేంద్ర’ అని రాశాననీ, మీ సైటు గుమస్తా “ఈ వీరేంద్ర ఎవరు?” అని అందరి ముందూ అడిగాడనీ కోప్పడ్డావు. నీ పేరంటే చిన్నచూపు కాదు నాన్నా. నా కరపత్రం సంగతి నీకు తెలుసు. ‘మనిషిని ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడగకండి’ అని నేనే రాసి బస్టాండు దగ్గర పంచాను. మన వైపు మంచినీళ్ళ కంటే ముందు, ఎవరి మనిషివని ఆ ప్రశ్నే వస్తుంది. ఊరు చెప్తే వీధి అడుగుతారు, వీధి చెప్తే ఇంటిపేరు. అది విన్నాకే నీళ్ళు ఏ గ్లాసులో ఇవ్వాలో తేలుతుంది. ఆ ప్రశ్నకి జన్మలో జవాబు చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. అందుకే ఒట్టి పేరు.

ఇక్కడి నుంచి మీ సైటుకి వచ్చిన కూలీలు చెప్పారని ఇంకోటి అడిగావు, ఈశ్వరరావు మామయ్య నెట్ సెంటర్లో కంప్యూటర్లోకి దొంగ దూరాడట, అదేటి అని. చెప్తాను. అమ్మ పిన్ని కొడుకని ఆయన నన్ను షాపులో పెట్టుకున్నాడు కదా. జనం భూమి కాగితాలు, సర్టిఫికెట్లు మా కంప్యూటర్లోంచే పంపుతాం. ఈ నెల మొదట్లో మా షాపు మెయిలు నుంచి మేము పంపని సందేశాలు కస్టమర్లకి వెళ్ళాయి. మా లాగిన్‌తో బయటెవరో లోపలికి వచ్చి కాగితాల కాపీలు లాగేశారు. పై ఆఫీసువాళ్ళు మా లాగిన్ ఆపేశారు.

మర్నాడు షాపు నిండా జనం. ఒక పెద్దాయన కర్ర బల్ల మీద కొట్టి, “మా భూమి కాయితాలు ఎవుడికో ఎల్లిపోనాయంట, ఏటి బాబూ ఇది? అమ్మేసినారేటి?” అన్నాడు. పాస్‌వర్డు తెలిసినవాళ్ళం ముగ్గురమే. మామయ్య, నేను, నూకరత్నం.

నూకరత్నం గురించి నీకు రాయలేదు. కొయ్యూరు పైన కొండ ఊరు వాళ్ళది. పొద్దున్నే మొదటి బస్సుకి దిగి వస్తుంది. ఎవరి సిఫార్సూ లేకుండా, మా తలుపు మీద ప్రకటన చూసి పని అడిగింది. “ఎవరి తాలూకానో తెలీకుండా ఎలాగరా?” అని మామయ్య నసిగితే నేనే గట్టిగా పోట్లాడి పెట్టించాను. అంత పోట్లాడిన నేనే, జనం అరుస్తుంటే కోపం తలకెక్కి ఆమె మీదకి తిరిగాను. “అసలు నీది ఏ ఊరు? ఎవరి తాలూకా నువ్వు? ఎవరు పంపితే వచ్చావు?” అని అరిచాను.

ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. “నీ కాయితం సదివి, కింద ఈ షాపు పేరు సూసే ఇక్కడికొచ్చాను. అందులో అడగొద్దని రాసిన మాటే కదేటిది?” అంది. సంచి భుజాన వేసుకుని దిగిపోయింది. జనంలోంచి ఎవరో “అదిగో, పారిపోతంది!” అన్నారు. ఆ మాట ఆమె కంటే ముందు కొండెక్కింది.

అంతటితో నాకు చల్లారలేదు. దొంగ ప్రోగ్రాముని నా చేత్తోనే చంపుదామని కూర్చున్నాను. కంప్యూటర్లో టాస్క్ మేనేజర్ అని ఉంటుంది. లోపల ఎవరెవరు పని చేస్తున్నారో పేర్లు చూపించే హాజరుపట్టీ అనుకో. తెరిస్తే ‘సర్వీస్ హోస్ట్’ అని ఒకే పేరుతో తెర నిండా వరసలు. ఒకే పేరుతో ఇంతమంది ఏమిటి, ఇది ముఠానే అనుకున్నాను. ఒక్కోదాన్నీ ఆపుకుంటూ పోయాను. తెర మొత్తం నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది. తర్వాత చదివితే తెలిసింది, వాళ్ళు దొంగలు కారు. విండోస్‌ని నడిపించే కూలీలు వాళ్ళే. ఒక్కొక్కరూ ఒక్కో పని మోస్తారు, అందుకే అంతమంది. నేను ఇంటివాళ్ళ మెడ పట్టుకుని గెంటాను.

మరి దొంగని పట్టేదెలా? మీ సైటులో అందరికీ ఒకే రంగు హెల్మెట్ ఉంటుంది కదా. బయటివాడు అదే హెల్మెట్ పెట్టుకుని, అదే పేరు చెప్పుకుని లోపలికి వస్తే మొహం చూసి పట్టలేవు. ఏ మేస్త్రీ తీసుకొచ్చాడని అడుగుతావు. ఏ షెడ్డులో పడుకుంటున్నాడో వెళ్ళి చూస్తావు. ఇక్కడా అంతే. పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కితే ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ అని వస్తుంది. అసలైన సర్వీస్ హోస్ట్ విండోస్ వాళ్ళ సొంత ఫోల్డర్లో, సిస్టమ్32లో ఉంటుంది. దాన్ని తయారు చేసిన కంపెనీ సంతకం దాని మీద ఉంటుంది. దాన్ని పిలిచేది కూడా విండోసే. అదే పేరు పెట్టుకున్నది ఇంకెక్కడో, మనం వాడే ఫోల్డర్ల మూలన, సంతకం లేకుండా కనిపిస్తే అనుమానించాలి.

అంటే ఏమిటి నాన్నా? ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడగడమే! నేను ఎక్కడైతే అడగకూడదన్నానో అక్కడ అడిగాను, అడగాల్సిన చోట అడగలేదు. ఇది తట్టినప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

మళ్ళీ కూర్చుని ఒక్కొక్క దాని ఇల్లూ చూశాను. అన్నీ సిస్టమ్32లోనే ఉన్నాయి. ఒకటి తప్ప. అది వేరే ఫోల్డర్లో, ఒక తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పక్కన పడుకుని ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్ వేసింది నేను. ఇంతవరకూ రాయడానికి చెయ్యి రాలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నా కరపత్రం అచ్చుకి తెలుగు అక్షరాలు కావలసి వచ్చాయి. కొనాలంటే ఖరీదు. ఎవరో దాని తాళం విరగ్గొట్టి నెట్‌లో ఊరికే పెట్టారు. ‘వేసే ముందు యాంటీవైరస్ ఆపండి’ అని అందులోనే రాసి ఉంది. అమ్మభాషకి తాళం వేసే హక్కు ఎవడికుందని ఆవేశపడి, మామయ్య బయటికి వెళ్ళినప్పుడు యాంటీవైరస్ ఆపేసి దాన్ని వేశాను. ఉచితం కదా, మన భాష కదా అని దాన్ని ఏ ప్రశ్నా అడగలేదు. దొంగ దాని వెంటే వచ్చింది. ఆ కరపత్రం చదివే నూకరత్నం మా షాపుకి వచ్చింది.

మామయ్యకి చెప్పాను.

“నెమ్మదిగా మాటాడరా. తీసేసినావా దాన్ని?” అన్నాడు.

“కంప్యూటర్ మొత్తం తుడిచి విండోస్ మళ్ళీ వేశాను. పాస్‌వర్డులు వేరే కంప్యూటర్ నుంచి మార్చాను.”

“మరింకేటి? ఈ మాట ఇక్కడితో ఒగ్గీ. ఆ నూకరత్నం గుంట ఎల్లిపోయింది. జనం బేగి మర్సిపోతారు. నువ్వు మన తాలూకోడివి, నిన్ను బజార్లో పెడతానేటి?”

నాన్నా, ఆ మాటకి నాకు వెంటనే కోపం రాలేదు. ముందు ప్రాణం కుదుటపడింది. అందుకు నా మీద నాకు అసహ్యం వేసింది.

నిన్న కొయ్యూరు బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. జరిగిందంతా ఒప్పుకుంటూ చేత్తో ఒక కరపత్రం రాసి తీసుకెళ్ళాను. వాళ్ళమ్మ అప్పయమ్మ గారు వాకిట్లో చింతపండు పిక్క తీస్తున్నారు. నూకరత్నం కాగితం చూసి, “మళ్ళీ కాయితమేనా?” అంది.

“దొంగతనం సేసి పారిపోయొచ్చీసిందని ఊరంతా అంటన్నారు బాబూ. ఈ కాయితం అట్టుకుని నాను ఇంటింటికీ తిరగాలేటి?” అన్నారు అప్పయమ్మ గారు.

నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“జనం ముందర అడిగినావు, జనం ముందరే సెప్పు,” అంది నూకరత్నం. “సోమారం మాయమ్మని తీసుకుని వస్తాను. షాపు నిండా మనుషులున్నప్పుడే వస్తాను. పని సంగతి ఆ తరవాత నేనే సూసుకుంటాను.” నేను బస్సుకి కదులుతుంటే వెనక నుంచి, “నువ్వు నిలబడినప్పుడు ఎవరి తాలూకా అని ఎవులైనా అడిగితే కంగారుపడిపోకు, అలవాటైపోద్ది!” అంది. వాళ్ళమ్మ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సోమవారం అంటే రేపే. రేపు ఆ బల్ల ముందు నిలబడి చెప్తాను, తెచ్చింది నేను, నింద వేసిందీ నేను అని. మామయ్య పని మాన్పించవచ్చు. కాగితాలు పోయినవాళ్ళు పోలీసులని పిలవవచ్చు. ఏదైనా సరే. కానీ కర్ర పట్టుకున్న ఆ పెద్దాయన తప్పకుండా అడుగుతాడు, “ఎవుల తాలూకా రా నువ్వు?” అని. చెప్పనని ఒట్టు ఉంది. రేపు మాత్రం ఆ ఒట్టు వెనక దాక్కోను. నీ పేరు చెప్తాను. తప్పు నాది, పేరు నీది. నీ అనుమతి అడగాలని మొదలుపెట్టాను గానీ, ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఇంకెవరి నోటో వినేకంటే నా చేతిరాతలో చదవడం మేలని రాస్తున్నాను.

అమ్మకి పొద్దున్న చెప్పాను. ఇప్పుడు నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది.

ఈసారి కవరు వెనక పూర్తిగా రాస్తున్నాను. మీ గుమస్తా ఇక అడగడు.

ఇట్లు,
మన్మథరావు గారి అబ్బాయి,
వీరేంద్ర